లండన్ దెయ్యాల పోలీసు నవలని తెలుగులో చదివి వినిపించాలంటే ఊరు మార్చాలా, అలాగే ఉంచాలా?

వంశధార_గట్టు, గుణుపురం

అందరికీ నమస్కారం. బెన్ ఆరనోవిచ్ రాసిన ‘రివర్స్ ఆఫ్ లండన్’ చదివినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే మీ సలహా కావాలి. 2011లో వచ్చిన ఇంగ్లీషు నవల. అమెరికాలో ఇదే పుస్తకాన్ని ‘మిడ్‌నైట్ రయట్’ అనే పేరుతో వేశారు, వేరే నవల అనుకుని మళ్లీ కొనకండి.

చదవనివాళ్ల కోసం కాస్త చెప్తాను, ముడి మాత్రం విప్పను. పీటర్ గ్రాంట్ అని లండన్ మెట్రోపాలిటన్ పోలీసులో ప్రొబేషన్ అయిపోవస్తున్న కుర్రాడు. జనవరి చలిలో, అర్ధరాత్రి దాటాక, కోవెంట్ గార్డెన్‌లో చర్చి ముందు తల తెగిన శవం దొరికితే ఆ చోటుకి కాపలా ఉంటాడు. తోటి కానిస్టేబుల్ లెస్లీ కాఫీ తేవడానికి వెళ్తుంది. అప్పుడు చీకట్లోంచి ఒక మనిషి వచ్చి హత్య జరగడం నేను చూశాను అంటాడు. ఆ మనిషి చచ్చిపోయి వందేళ్లు దాటింది. మన కథల్లో అయితే ఇక్కడ హీరో ఆంజనేయ దండకం అందుకోవాలి. ఈ పిల్లాడు మాత్రం సాక్షి దొరికాడు కదా అని పోలీసు పద్ధతిలో పేరూ వివరాలూ అడగడం మొదలుపెడతాడు. ఆ పేజీ దగ్గరే నేను ఈ పుస్తకానికి పడిపోయాను.

తర్వాత నైటింగేల్ అనే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. చూడ్డానికి నలభైల్లో ఉంటాడు, పుట్టింది 1900లో. మాయలూ మంత్రాలకి సంబంధించిన కేసులు చూడ్డానికి పోలీసులో మిగిలిన మనిషి ఆయనే. యాభై ఏళ్లకు పైగా ఎవరూ శిష్యుణ్ని తీసుకోలేదు, ఇప్పుడు పీటర్‌ని తీసుకుంటాడు. ఇంకోపక్క థేమ్స్ నదికి ఇద్దరు పెద్దలు. ఆటుపోట్లు తగిలే దిగువ భాగం మామా థేమ్స్‌ది, ఆవిడ ఒకప్పుడు నర్సు చదువు కోసం నైజీరియా నుంచి లండన్ వచ్చిన మనిషి. టెడింగ్టన్ లాకుకి ఎగువన ఉన్నదంతా ఫాదర్ థేమ్స్‌ది, ఆయన ఎప్పటివాడో. ఇద్దరికీ పడదు, ఆ తగువు తీర్చడం కూడా పోలీసు డ్యూటీలో భాగమే.

ఇప్పుడు నా సంగతి. మాది ఒడిశాలో సరిహద్దు ఊరు. మేం ఆదివారం సాయంత్రాలు ఒకరింటి డాబా మీద చేరి పుస్తకాలు చదువుకుంటాం. ఒకరు చదువుతారు, మిగతావాళ్లు వింటారు, ఎందుకంటే మా పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరాలు చూస్తే కూడబలుక్కోవాలి. పదో తరగతి పిల్ల ఒకతి ఉంది, నచ్చిన తెలుగు వాక్యం వినపడితే నోట్సులో ఒడియా లిపిలో రాసి పెట్టుకుంటుంది. పెద్దవాళ్లలో కొందరికి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. వీళ్లందరికీ ఈ కథ వినిపించాలని నాకు పట్టుదల. అందుకే నేనే అధ్యాయం తర్వాత అధ్యాయం తెలుగు చేసుకుంటూ వస్తున్నాను.

మొదటి అధ్యాయం చదవగానే గుంపు రెండైంది. లండన్ ఎందుకు, కథని రాయగడకో పర్లాకిమిడికో తెచ్చేయండి, థేమ్స్ బదులు నాగావళి పెట్టండి, అందరికీ ఇట్టే అర్థమవుతుంది అని సగం మంది. వద్దు, ఆ ఊరు ఆ ఊరే అని నా మనసు చెప్తోంది గానీ వాళ్లకి గట్టిగా జవాబు చెప్పలేకపోతున్నాను. ఇంకో చిక్కు పోలీసు వ్యవహారం. అక్కడి హోదాలు, పద్ధతులు మనవాళ్లకి కొత్త. వాటిని మధ్యమధ్యలో ఆగి వివరిస్తే కథ చల్లారిపోతోంది, వదిలేస్తే ప్రశ్నల మీద ప్రశ్నలు. ఇలాంటి పుస్తకాన్ని మన సరిహద్దు తెలుగువాళ్లకి ఎలా అందించాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మజ్జిగౌరి_వీధి, రాయగడ

నేను మార్చేయమనే అంటాను, కారణం కూడా చెప్తాను.

ఎగువ ఒకరిది, దిగువ ఒకరిది అనే తగువు మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? నాగావళి కలహండిలో పుట్టి మా రాయగడ మీదుగా ఆంధ్రాలోకి దిగి శ్రీకాకుళం దాటి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మీ వంశధార గుణుపురం దాటి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి, కళింగపట్నం దగ్గర కలుస్తుంది. ఆ నీళ్ల మీద రెండు రాష్ట్రాలూ తగువు పడితే 2010లో ట్రిబ్యునల్ వేశారు, తీర్పు 2017లో వచ్చింది. నేరడి దగ్గర బ్యారేజీ కట్టాలా వద్దా అని మా నాన్నల కాలం నుంచీ వింటున్నాం. ఇంత సరుకు ఇంటి ముందు పెట్టుకుని టెడింగ్టన్ లాకు ఎక్కడుందో పిల్లలకి చెప్పుకోవడం ఎందుకు?

పైగా నాగావళికి కథ ఉంది. బలరాముడు నాగలితో గీస్తే పుట్టిన నది అంటారు, లాంగుల్య అనే పేరు అందుకే. ఆయన ప్రతిష్ఠించాడని చెప్పే పంచలింగాలు ఒడ్డు పొడుగునా ఉన్నాయి. మొదటిది మా వైపు పాయకపాడులో, తర్వాత గుంప, సంగాం, శ్రీకాకుళంలో కోటేశ్వరుడు, చివరికి కల్లేపల్లి. ఎగువన ఒడిశాలో మొదలై దిగువన ఆంధ్రాలో ముగిసే వరస అది, నవలకి కావాల్సిన పటం గీసి పెట్టినట్టే ఉంది. మా ఊళ్లో మజ్జిగౌరమ్మని అడక్కుండా కొత్త బండి కూడా రోడ్డెక్కించరు, అలాంటి చోట దేవతతో పోలీసువాడు మాట్లాడాడంటే ఎవరూ విచిత్రంగా చూడరు. మార్చండి, వెనకాడకండి.

పర్లాకిమిడి_పడమర

రాయగడ అన్న చెప్పిన ప్రతి మాటా నిజమే, కానీ అది ఈ నవలని మార్చడానికి కారణం కాదు, ఇంకో నవల రాయడానికి కారణం. ఆ నవల ఎవరైనా రాస్తే మొదటి కాపీ నాకు ఇవ్వండి. ఈ పుస్తకాన్ని మాత్రం లండన్ నుంచి కదపొద్దు.

ఎందుకో చెప్తాను. ఈ కథలో నదులు ఊరికే దేవతలు కావు, ఆ ఊరి చరిత్రలో దెబ్బలు తిన్న దేవతలు. 1858 ఎండాకాలంలో లండన్ మురుగంతా థేమ్స్‌లో చేరి ఊరంతా కంపు కొట్టింది, పార్లమెంటు కిటికీ తెరల్ని సున్నపు మందులో తడిపి వేలాడదీశారు. దాన్ని చరిత్రలో గొప్ప కంపు అనే అంటారు, నేను కల్పించింది కాదు. ఆ తర్వాతే బాజల్‌జెట్ అనే ఇంజనీరు భూమి కింద పెద్ద మురుగు కాలువలు కట్టాడు. నవలలో ఫాదర్ థేమ్స్ లండన్‌ని వదిలేసి ఎగువకి పోయింది సరిగ్గా ఆ కాలంలోనే. ఫ్లీట్ అనే నది ఇప్పటికీ రోడ్ల కింద గొట్టంలో పారుతూ బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన కింద థేమ్స్‌లో పడుతుంది. టైబర్న్ కూడా అంతే, ఆ పేరున్న చోటే ఒకప్పుడు ఉరికంబం ఉండేది. ఆ నది ఈ నవలలో గొప్పింటి ఆడమనిషిలా, పలుకుబడితో, పీటర్‌ని బెదిరించేలా వస్తుంది. పాతేసిన నదికి ఆ కోపం ఎక్కడిదో ఊరు చరిత్ర తెలిస్తేనే తగులుతుంది. మన నాగావళిని ఎవరూ రోడ్డు కింద పాతెయ్యలేదు, ఆవిడ బాధలు వేరు. పేర్లు మార్చి లోపల సంగతి అలాగే ఉంచితే రెండు నదులకీ అన్యాయం చేసినట్టే.

ఇంకోటి, దీన్ని నేను గట్టిగా నమ్ముతాను. మన పిల్లలు లండన్ కథ విని అర్థం చేసుకోలేరని ముందే అనుకోవడం ఏం న్యాయం? పీటర్ తల్లి సియెర్రా లియోన్ నుంచి వచ్చి ఆఫీసులు తుడిచే పని చేస్తుంది, తండ్రి జాజ్ వాయించే మనిషి. పీటర్ పుట్టింది పెరిగింది లండన్‌లోనే, అయినా చూసేవాళ్లు మీది ఏ ఊరు అని అడుగుతూనే ఉంటారు. ఒడిశాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకి ఆ ప్రశ్న ఎవరైనా విడమరిచి చెప్పాలా? భువనేశ్వర్ వెళ్తే మీరు ఆంధ్రావాళ్లా అంటారు, విశాఖ వెళ్తే మీరు ఒడిశావాళ్లు కదా అంటారు. ఈ పుస్తకంలో మనవాళ్లకి బాగా దగ్గరయ్యేది నదికన్నా ఈ సంగతే. కథని రాయగడకి తెచ్చి పీటర్‌ని మామూలు కుర్రాడిని చేస్తే ఆ సంగతి కాస్తా ఎగిరిపోతుంది.

భాష సంగతి మీరు అడగలేదు, అయినా ఒక్క మాట. గిడుగు రామమూర్తి గారు బడిలోనూ కాలేజీలోనూ పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. జనం మాట్లాడే తెలుగులో రాయాలని ఆయన పోరాడారు, పక్కన కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన తిరిగిన ఊరి పక్కన కూర్చుని, అక్షరాలు రాని పిల్లలకి చెవుల ద్వారా తెలుగు పుస్తకం అందిస్తున్నారు మీరు. పుస్తకాల భాష వద్దు, డాబా మీద మాట్లాడుకునే తెలుగులోనే చదవండి.

వివరణలకి నాకు తోచింది ఇది. కథ మధ్యలో ఆగొద్దు. చదివే ముందు గోడ మీద సుద్దముక్కతో ఒక వంకర గీత గీయండి, అదే థేమ్స్. ఒక చోట అడ్డగీత పెట్టి టెడింగ్టన్ అని రాయండి, ఇటు ఆవిడది, అటు ఆయనది. చిన్న నదులు కథలోకి వచ్చినప్పుడల్లా ఆ గీతకి ఒక కొమ్మ కలపండి. ఆ పని ఒడియాలో రాసుకునే ఆ పిల్లకే అప్పజెప్పండి.

థానా_క్వార్టర్స్, జయపురం

నేను పెరిగిందంతా ఒడిశా పోలీసు క్వార్టర్స్‌లో, మా నాన్నగారు ఏఎస్సైగా రిటైరయ్యారు. నవల ఇంగ్లీషులో చదివాను, కథ మాత్రం ఆయనకి నోటితో తెలుగులో చెప్పాను. ఆయన దెయ్యం దగ్గర ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, ప్రశ్నలన్నీ పోలీసు పని మీదే. అవి ఇక్కడ పెడుతున్నాను, మీ శ్రోతలకీ ఇవే వస్తాయి.

మొదటి ప్రశ్న, కానిస్టేబుల్‌కి ఇన్‌స్పెక్టర్ అంత చనువు ఎందుకిచ్చాడు, అంత పెద్ద కేసులో వాణ్ని ఎలా తిప్పుకుంటున్నాడు? మన దగ్గర ఇంటర్ పాసైనవాడు కానిస్టేబుల్ పరీక్ష, డిగ్రీ అయినవాడు ఎస్సై పరీక్ష, పైవాళ్లు యూపీఎస్సీ రాసి ఐపీఎస్. ఎవరు ఏ గుమ్మంలోంచి వచ్చారో జీవితాంతం ఆ గుమ్మమే. లండన్‌లో, ఈ కథ నడిచే కాలానికి, అందరూ కానిస్టేబుల్‌గా మొదలుపెట్టాల్సిందే, రేపు కమిషనర్ అయ్యేవాడు కూడా. మొదటి రెండేళ్లు ప్రొబేషన్. డిటెక్టివ్ కానిస్టేబుల్ అంటే మామూలు కానిస్టేబుల్‌కి పైమెట్టు కాదు, అదే హోదా, పని వేరు. ఈ ముక్క కథ మొదలవకముందే చెప్పేయండి, లేకపోతే పీటర్‌ని బంట్రోతులా ఊహించుకుంటారు, నైటింగేల్ వాడితో సమానంగా కూర్చుని తింటే నమ్మరు.

రెండోది నాకు కూడా తట్టలేదు, నాన్నగారే పట్టుకున్నారు. ప్రొబేషన్ అయ్యాక పీటర్‌ని కాగితాల పని చేసే విభాగంలో వేస్తామంటారు, వాడికి గుండె జారిపోతుంది. మన స్టేషన్లలో కాగితాలన్నీ రాసే రైటర్ అంటే ఎంత పెద్ద మనిషి! ఎస్సైలు మారుతుంటారు, రైటర్ మాట చెల్లుతూ ఉంటుంది. కాబట్టి ‘రైటర్ పని ఇస్తే వీడికెందుకు ఏడుపు’ అని మీ డాబా మీద ఎవరో ఒకరు అంటారు, ఖాయం. అక్కడ ఆ ఉద్యోగంలో పలుకుబడి లేదు, వీధిలో తిరిగే పోలీసులు తెచ్చిన కేసుల కాగితాలు వాళ్ల తరఫున నింపడమే, జీవితాంతం బల్ల దగ్గరే, అని ఒక్క వాక్యం కలిపి చదవండి. పుస్తకంలో లేని వాక్యం కలపొచ్చా అంటారేమో, ఇలాంటివి కలపాల్సిందే అని నా అభిప్రాయం.

మూడోది సాక్షి వాంగ్మూలం. మన దగ్గర పోలీసు రాసుకున్న స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం పెట్టించకూడదు. పాత సీఆర్‌పీసీ చట్టంలో 161, 162 సెక్షన్లు, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 180, 181, నంబర్లు మారాయి గానీ సంగతి అదే. ఇంగ్లండులో సాక్షి తన వాంగ్మూలం చదువుకుని సంతకం పెడతాడు. అందుకే దెయ్యం సాక్ష్యం చెప్పిందంటే అక్కడి పోలీసుకి పుట్టే ఇబ్బంది అంత గట్టిది, సంతకం ఎవరు పెడతారు, కోర్టులో బోనెక్కేది ఎవరు. నాన్నగారు ఇది విని కాసేపు ఆలోచించి, ‘అయితే ఆ కుర్రాడు దాన్ని సమాచారంగా వాడుకుని వేరే సాక్ష్యం వెతుక్కోవాలి’ అన్నారు. నవలలో పీటర్ చేసేది దాదాపు అదే. ముప్పయ్యేళ్లు లాఠీ పట్టిన మనిషి, ఇంగ్లీషు నవల ముఖం చూడని మనిషి, కథ ఎటు పోతుందో చెప్పేశారు. లండన్‌ని మార్చాల్సిన అవసరం లేదని నాకు అప్పుడే తేలిపోయింది.

తుపాకుల గురించి కూడా అడుగుతారు. అక్కడ మామూలు డ్యూటీలో ఉన్న పోలీసుల్లో ఎక్కువమంది దగ్గర తుపాకి ఉండదు. మొదట్లోనే చెప్తే ప్రమాదం వచ్చిన ప్రతిసారీ ‘కాల్చొచ్చు కదా’ అనే గోల ఉండదు.

రాయగడ వాళ్లు చెప్పిన నాగావళి నవల ఎవరైనా రాస్తే మాత్రం మొదటి సన్నివేశం నా దగ్గర ఉంది. నాన్నగారు సరిహద్దు దగ్గర పనిచేసేటప్పుడు రెండు రాష్ట్రాల మధ్య ఏట్లో శవం తేలింది. మాది కాదంటే మాది కాదని రెండు స్టేషన్లూ తాడుతో కొలుచుకుంటూ కూర్చున్నాయి, చనిపోయినవాడి భార్య ఎండలో ఒడ్డు మీద నిలబడే ఉంది. ఇప్పుడైతే నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త సంహితలో 173వ సెక్షన్‌లో రాసి పెట్టారు. అప్పట్లో ఆమె కోసం అడిగే నాథుడు లేడు. అలాంటి చోట నది లేచి ఒడ్డుకొచ్చి ఈయన నా మనిషి అని చెప్తే ఎలా ఉంటుందో రాయండి ఎవరైనా.

ప్రాణహిత_ఒడ్డు, సిరొంచ

మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. ఇంట్ల తెలుగు, బళ్లె మరాఠీ, మీ గుణుపురం పిల్లలోలె. అందుకే ఈ ముచ్చట చదువుతుంటే మా ఇంటి ముచ్చటే అనిపించింది.

ఒక్కటే చెప్తా. తెలుగు చేసే ముందు ఈ నవల ఆడియో వినండి, కోబ్నా హోల్డ్‌బ్రూక్ స్మిత్ అనే నటుడు చదివిండు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క గొంతు, ఒక్కొక్క యాస. మామా థేమ్స్ మాట్లాడితే ఆఫ్రికా గొంతు వినపడుతది, ఫాదర్ థేమ్స్ వైపు వాళ్లది పల్లెటూరి మాట. మీరు అందర్నీ ఒక్క తెలుగులో మాట్లాడించకండి. మీ గుంపుల శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కోడళ్లు ఉంటరు, బరంపురం వాళ్లు ఉంటరు, తలా ఒక పాత్ర ఇచ్చి చదివించండి. ఊరు లండనే ఉండనీ, గొంతులు మాత్రం మీయే ఉండాలె.

నదిని మనిషిగ చూసుడు మనకు నేర్పాల్నా? 2022 ఏప్రిల్ల ప్రాణహిత పుష్కరాలకు మా ఊరి ఒడ్డున చీర పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, పేరు పెట్టి పిలిచి మొక్కిన ఆడోళ్లను చూసిన. వాళ్లకు మామా థేమ్స్ గురించి చెప్తే ‘ఆమెకు బిడ్డలెంతమంది’ అనే అడుగుతరు. భయపడకుండ చదవండి.

డేరా_వీధి, బరంపురం

ఎవరూ ఎత్తని రెండు విషయాలు.

ఒకటి పంచ్ బొమ్మలాట. చదివినవాళ్లకి తెలుసు, కథ నడకకి అది ఎంత ముఖ్యమో, ఎలా ముఖ్యమో మాత్రం ఇక్కడ రాయను, దయచేసి మీరూ రాయకండి. ఇంగ్లండులో చాలామంది చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున పంచ్ అండ్ జూడీ ఆట చూసి పెరిగినవాళ్లే. పంచ్ గూనివాడు, చేతిలో కర్ర. పసిబిడ్డని విసిరేస్తాడు, పెళ్లాన్ని కొడతాడు, పట్టుకోవడానికి వచ్చిన పోలీసుని కొడతాడు, చివరికి ఉరితీసేవాడినే బోల్తా కొట్టించి వాడి ఉరితాడు వాడికే తగిలిస్తాడు. 1662 మే నెలలో శామ్యూల్ పీప్స్ తన డైరీలో ఈ ఆట చూశానని రాసుకున్నాడు, చూసింది ఇదే కోవెంట్ గార్డెన్‌లో. అంటే నవల మొదటి శవం దొరికిన చోటూ అదీ ఒకటే. ఇదంతా అక్కడి పాఠకుడికి ముందే ఒంట్లో ఉంటుంది కాబట్టి కథ మలుపు తిరిగినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. మనవాళ్లకి పంచ్ తెలియదు, మలుపు దగ్గర కథ ఆపి చెప్తే అంతా పోతుంది.

అందుకని చాలా ముందుగా, ఈ నవలతో సంబంధం లేనట్టుగా, ఒక సాయంత్రం బొమ్మలాటల గురించి కూర్చోండి. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఎలా తిట్టుకుంటారో, నవ్విస్తారో పెద్దవాళ్లకి ఇంకా గుర్తుంటుంది, వాళ్లతో చెప్పించండి. ఒడిశాలో రావణఛాయ ఉంది, పిల్లలు బళ్లో విని ఉంటారు. ఆ వరసలో ఇంగ్లండులో కూడా ఒకడున్నాడు అని పంచ్ కథ మొత్తం చెప్పేసి వదిలేయండి. కొన్ని వారాల తర్వాత నవలలో ఆ చోటు వచ్చినప్పుడు పిల్లలే అరుస్తారు.

రెండోది హక్కులు. రచయిత ఉన్నాడు, పుస్తకం మీద హక్కు ఆయనది, 1957 కాపీరైటు చట్టం ప్రకారం అనువాదం చేసే హక్కు కూడా ఆయనదే. డబ్బు తీసుకోకుండా మీ గుంపులో మీరు చదువుకోవడానికి ఎవరూ మీ తలుపు తట్టరు గానీ, రాతప్రతిని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో వదలకండి. అది ఊళ్లు తిరిగి ఎవరో ఒకరు పేరు పెట్టి అచ్చేస్తారు, రేపు సరైన తెలుగు ప్రతి రావాల్సిన దారి మూసుకుపోతుంది. మొత్తం పూర్తి చేసి బాగుందనిపిస్తే ఇంగ్లండులో వేసిన గొలాంజ్ సంస్థకి రాయండి, అది హాచెట్ గుంపులోది, హాచెట్‌కి ఇండియాలోనూ ఆఫీసు ఉంది. మొదటి రెండు అధ్యాయాలు తెలుగులో జత చేసి, మేమెవరం, ఎవరికి చదువుతున్నాం అని వివరంగా రాయండి. మన చట్టంలో 32వ సెక్షన్ కూడా ఒకటుంది, పుస్తకం వచ్చి ఏడేళ్లు దాటాక అనువాదానికి లైసెన్సు కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చు. కానీ దానికి ముందు హక్కుదారుని అడిగి ఉండాలి, కాబట్టి ఎటు తిరిగినా మొదట ఉత్తరమే.

ఊరు మార్చే విషయంలో నాదీ పర్లాకిమిడి వారి మాటే. మా బరంపురంలో ఠాకురాణి యాత్రకి బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి వదిలి దేశీబెహెరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది, వచ్చినన్నాళ్లూ వీధి మధ్యలోనే ఆవిడ ఇల్లు. ఆ రోజుల్లో ట్రాఫిక్ పోలీసులు దేవత కోసం దారి మళ్లిస్తారు, ఊరేగింపు దగ్గర డ్యూటీ చేస్తారు. ఇలాంటి ఊరివాళ్లకి లండన్ పోలీసు నదితో మాట్లాడాడంటే వివరణ ఎందుకు?

వంశధార_గట్టు, గుణుపురం

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ పేరుపేరునా దండాలు. ఈ జవాబులన్నీ నిన్న డాబా మీద చదివి వినిపించాను. జయపురం అక్క నాన్నగారి మాట వినగానే, మార్చమన్న సగంలో చాలామంది మెత్తబడ్డారు. లండన్ లండన్‌గానే ఉంటుంది.

కాబట్టి ఇలా చేస్తున్నాం. పోలీసు సంగతులు, అంటే హోదాలు, రైటర్ ముక్క, తుపాకులు, సంతకం, వచ్చే ఆదివారం కథకి ముందు ఒకేసారి చెప్పేస్తాను, మా వీధిలో ఉన్న హోంగార్డు తమ్ముణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాను. గోడ మీద థేమ్స్ గీసే పని ఆ పదో తరగతి పిల్ల ఒప్పుకుంది, మూడు లిపుల్లోనూ పేర్లు రాస్తానంది, నేను అడగలేదు. మామా థేమ్స్‌గా చదవడానికి ఒక పెద్దావిడ ముందుకొచ్చారు, ఆవిడ పుట్టిల్లు టెక్కలి, గొంతు విప్పితే వీధి చివరికి వినపడుతుంది. బొమ్మలాట సాయంత్రం దసరా సెలవుల్లో పెడతాం. రాతప్రతి నా దగ్గరే ఉంటుంది, ఎవరికీ ఫొటోలు కూడా ఇవ్వను.

ఒక్కటి ఇంకా తేలలేదు. మంత్రం వేస్తే దగ్గర్లో ఉన్న ఫోన్ లోపలి చిప్ ఇసక అయిపోవడం, ఎంతసేపు వేస్తే ఎంత పాడవుతుందని పీటర్ సైన్సు ల్యాబులోలా పరీక్షలు చేసి లెక్క రాసుకోవడం, ఈ భాగాలు నాకు ప్రాణం. చదివితే సాగదీసినట్టు అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కుదించనా, మొత్తం చదవనా?

థానా_క్వార్టర్స్, జయపురం

ఒక్క ముక్క కూడా తీయకండి. పదో తరగతి పిల్లలున్న గుంపు అది, ఆ భాగం వాళ్లదే. గురువు చెప్పాడని నమ్మి ఊరుకోకుండా ఎందుకు, ఎంత, ఎలా అని కొలిచి చూసే హీరో మన మంత్రాల కథల్లో ఎంతమంది ఉన్నారు? అతిగా మంత్రాలు వాడితే మెదడు ఎలా పాడవుతుందో డాక్టర్ వాలిద్ చూపించే చోటు కూడా ఉంచండి, పెద్దవాళ్లు భయపడితే భయపడనీండి.

మజ్జిగౌరి_వీధి, రాయగడ

సరే, ఒప్పుకుంటున్నాను, లండన్ ఉంచండి. పుట్టింది ఇక్కడే అయినా ఏ ఊరని అడుగుతారు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను, మా అబ్బాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసి చెప్పేది కూడా అదే. నాగావళి నవల సంగతి మాత్రం వదలను. జయపురం అక్కా, ఆ ఏటి ఒడ్డు సంగతి నాన్నగారికి గుర్తున్నంతా రాసి పెట్టండి, పంచనామా ఎవరు రాశారు, చివరికి శవాన్ని ఏ పక్కకి తీశారు, ఆవిడ ఏ ఊరికి తిరిగి వెళ్లింది, పేర్లు వద్దు. పాయకపాడు నుంచి గుంప దాకా ఒడ్డు నేను తిరిగి చూసొస్తాను. గుణుపురం తమ్ముడూ, బొమ్మలాట సాయంత్రం ఏ తేదీ అనుకుంటున్నారో ముందుగా చెప్పండి, మా వీధి నుంచి నలుగురైదుగురం బస్సులో వస్తాం.